గోదావరి ఒండ్రు చేరే చోటు

నాసిక్ సమీపంలోని త్ర్యంబకం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి రెండు వేర్వేరు శిలాప్రాంతాల మట్టిని మోసుకువస్తుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావాగా పారి గడ్డకట్టిన దక్కను నల్లరాయి శిథిలమై నల్లరేగడి అవుతుంది. అందులోని సన్నని బంకమన్నులో, తడిస్తే ఉబ్బి ఎండితే కుదించుకుపోయే స్మెక్టైట్ అనే ఖనిజం అధికం. దిగువన తూర్పు కనుమల శిలలు అరిగి ఇసుకనిస్తాయి. తీరపు ఇసుకలో మెరిసే ఎర్రని గార్నెట్ రేణువులు అక్కడివే.

ఏడాది మొత్తం మీద కదిలే ఒండ్రులో అత్యధిక భాగం వరద నెలల్లోనే, ఎర్రనీటితో పాటు దిగుతుంది. ధవళేశ్వరం దాటాక నది గౌతమిగా, వసిష్ఠగా చీలి, నేల వాలు తగ్గడంతో వేగం కోల్పోయి, ముందుగా ముతక ఇసుకను వదిలి లంకలను పెంచుతుంది. గట్లు పొర్లిన నీరు అంతకంటే సన్నని ఒండ్రును పొలాల్లో మేట వేస్తుంది. మిల్లీమీటరులో 500వ వంతు ఉండే బంకమన్ను రేణువు మాత్రం, నిశ్చలమైన నీటిలో సైతం, రోజుకు ఒక అడుగు మించి దిగదు గనుక సముద్రం దాకా తేలుతూనే పోతుంది. ఈ రేణువులు రుణావేశం కలిగి ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. మొగ దగ్గర ఉప్పునీటిలోని అయాన్లు ఆ వికర్షణను అణచివేయగానే గుంపులుగా అతుక్కుని, బరువెక్కి, వేగంగా అడుగుకు చేరతాయి. మంచినీటిలో విడివిడిగా తేలిన మన్ను ఉప్పు తగలగానే దిగిపోవడం ఈ ప్రయాణమంతటిలోనూ అత్యంత ఆశ్చర్యకరమైన ఘట్టం.

ఇసుక కథ వేరు. నైరుతి రుతుపవన కాలంలో తీరాన్ని ఏటవాలుగా తాకే అలలు దాన్ని ఈశాన్యానికి నెట్టుకుపోతాయి. కాకినాడ రేవుకు అడ్డుగా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె ఇలా గత రెండు శతాబ్దాలలో పెరిగినదే. దాని చాటున అలజడి తగ్గిన నీటిలో బురద నిలిచి, కోరింగ మడ అడవులకు నేల సమకూరింది.

తీరం నుంచి సముద్రగర్భం కొంతదూరం మెల్లగా లోతెక్కే మెరకను ఖండతీరపు అంచు అనీ, ఆపైన అగాధం వైపు దిగే భాగాన్ని ఖండతీరపు వాలు అనీ అంటారు. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండడం వల్ల నదులు ఆ అంచు కొస దాకా సాగి వాలు నెత్తినే మట్టిని కుమ్మరించేవి. అలా పేరుకున్న మట్టి పట్టుతప్పి జారినప్పుడు నీటితో కలిసి, చుట్టూ ఉన్న నీటికంటే బరువైన బురదప్రవాహమై, అడుగున కాలువలు కోస్తూ ఇసుకను అగాధానికి చేరుస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 2002లో కనుగొన్న సహజవాయువు, లక్షల ఏళ్ల క్రితం ఇటువంటి కాలువల్లో నిండిన ఇసుకపొరల్లోనే దొరికింది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక అదే వాలుపై తవ్వినప్పుడు, మీథేన్ మంచులా గడ్డకట్టిన హైడ్రేట్లు ఒకచోట 128 మీటర్ల మందం మేర బంకమన్ను చీలికల్లో కనిపించాయి.

మంచు కరిగి పెరిగిన సముద్రమట్టం సుమారు 6,000 సంవత్సరాల క్రితం నిలకడ పొందాకనే నేటి డెల్టా ముందుకు సాగింది; కోనసీమలో తీరానికి దూరంగా వరుసలు తీరిన ఇసుకదిబ్బలు దాని పాత ఒడ్డులు. కానీ 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నులుగా ఉన్న ఒండ్రు, ఎగువ జలాశయాల్లో నిలిచిపోవడం వల్ల, 1990లకు 6 కోట్ల టన్నులలోపుకు పడిపోయింది. పాత బంకమన్ను తన బరువుకు తానే అణగుతూ కుంగుతున్నా పైన కొత్తపొర పడకపోవడంతో, పలుచోట్ల సముద్రం లోపలికి వస్తున్నది. పూడికవల్ల జలాశయం కోల్పోయే నీటినిల్వను లెక్కించినంత శ్రద్ధగా, ఆ పూడిక చేరక డెల్టా కోల్పోయే నేలను కూడా ప్రాజెక్టుల లెక్కల్లో చూపించవలసి ఉంది.