రా కొడతారా, బాయిల్డ్ కొడతారా?

కోతల కాలంలో మాడుగులపల్లి టోల్‌ప్లాజా దాటి మిర్యాలగూడ వైపు వస్తే, మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ మిల్లుల్లో మిషన్లు బిగించడమే నా పని. కొత్తగా మిల్లు పెట్టేవాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: గంటకు ఎన్ని టన్నులు? నా ప్రశ్న వేరు: "రా కొడతారా, బాయిల్డ్ కొడతారా? మధ్యలో మార్చాల్సొస్తే?"

"అది అప్పుడు చూద్దాంలే అన్నా" అంటారు.

ఆ అప్పుడు 2021లో వచ్చింది. ఉప్పుడు బియ్యం, అంటే బాయిల్డ్, ఇక తీసుకునేది లేదని కేంద్రం పట్టుబట్టింది, ఇవ్వబోమని అక్టోబరులో రాష్ట్రం రాసిచ్చింది. మా దగ్గర యాసంగి వడ్లు ఎండల్లో గింజ కడతాయి, లోపల సన్నటి పగుళ్లుంటాయి. పచ్చివి మర పడితే నూక ఎక్కువ. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే గింజలోని పిండి ఉడికి బిగుసుకుంటుంది, పగుళ్లు అతుక్కుంటాయి. అందుకే ఇక్కడ అంతమంది తొట్లు, బాయిలర్లు, డ్రయ్యర్ల మీద డబ్బు పోశారు. రా కొట్టమంటే వాటన్నిటినీ పక్కనపెట్టి మిగతా లైను నడపాలి.

అది స్విచ్ మార్చినంత తేలిక కాదు. బాయిల్డ్ వడ్ల పొట్టు ఉడికినప్పుడే విచ్చుకుంటుంది, రబ్బరు రోళ్ల మధ్య తేలిగ్గా ఊడుతుంది. తవుడు మాత్రం మొండిగా పట్టుకుంటుంది. తవుడు తీసే వైట్‌నర్‌లో ఒత్తిడి పెంచాలి, లేదా ఇంకో మిషన్‌కు పంపాలి. ఆ తవుడులో నూనె ఎక్కువ, జల్లెడలకు అంటుకుని బొక్కలు పూడ్చేస్తుంది. అదే ఒత్తిడి మీద పచ్చి బియ్యం పోశామా, నూకే మిగులుతుంది. సార్టెక్స్ కెమెరా రంగు చూసి చెడ్డ గింజను గాలితో నెట్టేస్తుంది. ఉప్పుడు బియ్యమే లేత పసుపు కాబట్టి, పచ్చి బియ్యపు సెట్టింగు మీద దాన్ని నడిపితే మంచి బియ్యమూ అవతల పడుతుంది.

ఇందులో రెండు రకాల మార్పులున్నాయి. రోళ్ల ఒత్తిడి, సార్టెక్స్ ప్రోగ్రాం లాంటివి ఉన్న మిషన్‌లోనే మారతాయి. 1960లలో లండన్‌లో సిగరెట్ మిషన్లు చేసే మోలిన్స్ కంపెనీ కోసం విలియమ్సన్ అనే ఇంజనీరు రూపొందించిన 'సిస్టం 24' ఈ దారిదే. కంప్యూటరు చెప్పినట్టు ఒకే మిషన్ల వరస రకరకాల భాగాలు చేయాలి, అదీ రోజుకు 24 గంటలు. రెండో రకంలో లైను ఆకారమే మారుతుంది: ఒక మిషన్ చేరుతుంది, ఇంకోటి తప్పుకుంటుంది. దీనికి శాస్త్రం కట్టింది అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో యోరం కోరెన్. 1996లో అక్కడ ఇందుకోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఒకే వస్తువు చేసే లైను చవక, కానీ గిరాకీ మారితే ఇనుప సామానే. అన్నీ చేయగల మిషన్ కొంటే, ఎన్నడూ వాడని పనులకు కూడా డబ్బు కట్టినట్టే. కాబట్టి ఒక కుటుంబానికి చెందిన వస్తువుల కోసమే లైను కట్టి, ముక్కలు కలపడానికీ విప్పడానికీ వీలుంచాలన్నాడాయన. మా కుటుంబం వడ్లు. మిల్లుకు కందులు తెచ్చి ఆడించమనేవాళ్లు ఎవరూ లేరు.

ఆయన లెక్కంతా కార్ల ఇంజన్ల గురించి. మా దగ్గర అది కాంక్రీటు దగ్గర మొదలవుతుంది. పునాది పోసేటప్పుడే అదనంగా ఒక ఎలివేటర్ గుంత వదలమంటాను. మూడో వైట్‌నర్ ముందు రెండు దారుల గొట్టం పెడితే బాయిల్డ్‌కు లోపలి నుంచి, రా అయితే పక్క నుంచి బియ్యం పోతుంది. మిషన్ల మూతుల కొలత ఒకటే ఉంటే ఏది తీసి ఏదైనా పెట్టొచ్చు. ప్యానెల్ బోర్డులోనూ కాస్త జాగా. వీటికి మొదట్లో అయ్యే ఖర్చు తక్కువే. తర్వాత కావాలంటే సీజన్లో మిల్లు ఆపి కాంక్రీటు పగలగొట్టాలి, బయట ట్రాక్టర్లు ఎదురుచూస్తుంటాయి.

ఖాళీ జాగా చూస్తే ఓనర్లకు ప్రాణం విలవిల్లాడుతుంది, ఇంకో మిషన్ పట్టేదిగా అని. కానీ ఆ జాగా ఎందుకో చూడండి: అదే 2021 ఆగస్టు 15న ప్రధాని పోషకాలు కలిపిన బియ్యం గురించి ప్రకటించారు. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున పోషకాల గింజలు కలపాలంటే సార్టెక్స్‌కూ తూకానికీ మధ్య బ్లెండర్ కావాలి. ఆ మధ్యలో జాగా ఉన్న మిల్లుకు అది చిన్న పని. లేని మిల్లులో తూకం మిషన్‌నే కదపాలి.

2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో రేషన్ సన్న బియ్యం మొదలైంది. దొడ్డు వడ్లకు అలవాటుపడ్డ లైనుకు మళ్లీ పని: జల్లెడలు, గ్రేడర్ సిలిండర్లు మార్చాలి, సపరేటర్ వాలు సరిచేయాలి. అసలు తంటా మాత్రం లైను ఊడ్చి శుభ్రం చేయడంలో ఉంది. ఎలివేటర్ల అడుగున, బిన్నుల మూలల్లో దొడ్డు గింజ మిగిలిపోయి సన్నాల్లో కలిస్తే ఆ లాటు తిరిగొస్తుంది. ఎలివేటర్ అడుగున చేయి పట్టేంత తలుపు, బిన్నుకు నిటారు వాలు ఉంటే ఊడ్చే పని తొందరగా తెములుతుంది. పెద్ద పెద్ద కంపెనీల మిషన్లలోనూ నేను ముందు చూసేది ఆ తలుపునే.

అన్నిటినీ మార్చగలమని కాదు. నానబెట్టే తొట్లు, డ్రయ్యర్లు రా సీజన్లో ఊరికే నిలబడి ఉంటాయి, వాటి అప్పు మాత్రం నడుస్తూనే ఉంటుంది. చిన్న మిల్లువాళ్లు నన్నడిగితే సొంతంగా అవి కట్టొద్దంటాను. గంటకు టన్నుల లెక్క కూడా కాసేపు పక్కనపెట్టి, దొడ్డు ఆపి సన్నం ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుందో మిషన్ అమ్మేవాడి చేత కాగితం మీద రాయించుకోమంటాను.