పొగ పూసే చెట్టు



కూతురి పురుటికనో, మనవలను చూసుకోవడానికనో అమెరికా, ఇంగ్లండు వెళ్ళివచ్చే తల్లులు ఈనాడు మన పట్టణాల్లో వీధికొకరైనా ఉంటారు. వేసవిలో వెళ్ళినవారు ఒక చెట్టు ముచ్చట తప్పకుండా చెబుతారు. ఆకు నిగనిగలాడే వంకాయ రంగు. చెట్టు నెత్తిన గులాబీ రంగు పొగ కమ్మినట్టుంటుంది. అక్కడివాళ్ళు దానిని స్మోక్ ట్రీ అంటారు. అంటే పొగచెట్టే. వెంటనే వచ్చే ప్రశ్న: "ఒక కొమ్మ తెచ్చి మన పెరట్లో గుచ్చితే బతుకుతుందా?"

ముందు ఆ పొగ ఏమిటో చూద్దాం. అది పువ్వు కాదు. అసలు పువ్వులు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో బియ్యపు గింజంత ఉంటాయి, కంటికి ఆనవు. వాటిలో చాలా మటుకు కాయ కట్టకుండానే పోతాయి. అవి పోయాక వాటి కాడలు పొడుగ్గా సాగి, వాటినిండా సన్నని నూగు పుడుతుంది. దూరం నుంచి ఆ నూగే మనకు పొగలా కనబడుతుంది. మామిడి పూత రాలిపోయాక మిగిలే ఉత్త కాడల గుత్తిని చూశారు గదా, దానికి నూగు పుట్టిందనుకోండి. పోలిక ఊరికే చెప్పడం లేదు. ఈ చెట్టు మన మామిడికి చుట్టమే. మామిడి, జీడిమామిడి, పిస్తా, చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబం.

ఈ చుట్టరికంతో ఒక చిక్కు కూడా ఉన్నది. మామిడి సొన తగిలితే మూతి పొక్కేవారు, జీడి అంటితే దద్దుర్లు లేచేవారు మనలో ఉన్నారు. పొగచెట్టు కొమ్మ విరిచినా కారే పాలు కొందరికి అలాగే పడవు. అందుచేత కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. పసిపిల్లలు కొమ్మలు విరిచి ఆడుకోకుండా చూడాలి.

ఇక మన పెరటి మాట. దీని పుట్టిళ్ళు దక్షిణ యూరపు మొదలు మన హిమాలయాల మీదుగా చైనా దాకా ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో దానంతట అదే పెరుగుతుంది. బీజింగు దగ్గరి షియాంగ్‌షాన్ కొండలు శరత్కాలంలో ఎర్రబారడం చూడటానికి జనం విరగబడి వెళతారు. ఆ ఎరుపు ముఖ్యంగా ఈ జాతి చెట్ల ఆకులదే. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవడం దీని స్వభావం. హైదరాబాదు, విజయవాడల్లో ఆ చలి ఎక్కడిది? పైగా పెట్టెలో కొమ్మ పెట్టుకుని విమానం దిగడం చట్టం ఒప్పదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆ దేశపు ధ్రువపత్రం లేనిదే మొక్క గాని, కొమ్మ గాని తేరాదు. బయటి తెగులు ఒకటి దానితో వచ్చిందంటే మన రైతుకే గదా నష్టం! వంకాయ రంగు ఆకు మీదే మోజయితే మన నర్సరీల్లో దొరికే అకాలిఫా నాటుకోండి. ఎర్రని, రాగి రంగు ఆకులతో కంచె వెంట చక్కగా ఒదుగుతుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. పొగ మాత్రం రాదు!

అక్కడ ఇల్లు, పెరడు ఉన్న అమ్మాయిలకు నాలుగు మాటలు. చెట్టు 10 నుంచి 15 అడుగులు పెరుగుతుంది, అడ్డంగానూ అంతే. కాబట్టి గోడకు ఎడంగా, రోజంతా ఎండ తగిలే చోట నాటాలి. నేల సారవంతంగా లేకపోయినా ఫరవాలేదు, నీరు మాత్రం నిలవకూడదు. మనకు చెట్టంటే రోజూ చెంబెడు నీళ్ళు, గుప్పెడు ఎరువు అలవాటు. ఆ ముద్దు దీనికి పనికిరాదు. మొదటి రెండు వేసవులు తడి చూసుకుంటే చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు రంగు తగ్గుతుంది. ఇంకొక ముఖ్య సంగతి: మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా టొమాటో, వంగ వేయక మానరు. ఆ మడిలో ఈ చెట్టు పెట్టవద్దు. వెర్టిసిలియం అనే బూజు తెగులు వాటికీ, దీనికీ ఉమ్మడి శత్రువు. నేలలోనే ఏళ్ళ తరబడి దాగి, ఒక్కొక్క కొమ్మనే వాడ్చేస్తుంది. దానికి మందు లేదు.

వసంతంలో ఇరుగుపొరుగు చెట్లన్నీ చిగిర్చినా ఇది మోడులాగే ఉంటుంది. చచ్చిపోయిందని పీకేయకండి, దీనికి చిగురు ఆలస్యం. కత్తిరింపు విషయంలో ఏదో ఒకటే కోరుకోవాలి. చలికాలం చివర మొదలుకంటా నరికితే పెద్ద పెద్ద ఆకులు మంచి రంగుతో వస్తాయి గాని, ఆ ఏడు పొగ ఉండదు. ఎందుకంటే పూత ముదిరిన కొమ్మల మీదనే వస్తుంది. పొగ కావాలంటే ఎండుకొమ్మలు మాత్రమే తీసి, కత్తెర పక్కన పెట్టాలి.

నూగు గుత్తులను కూజాలో అమర్చితే గదికే అందం. నీళ్ళు లేకుండా తలకిందులుగా నీడన వేలాడదీస్తే ఎండి చాలా కాలం నిలుస్తాయి. వెనుకటి రోజుల్లో యూరపులో దీని చేవతో ఉన్నికి పసుపు రంగు అద్దేవారు, ఆకుతో తోళ్ళు పదును పెట్టేవారు. కాయ మాత్రం తినేది కాదు, మామిడి చుట్టమైనా సరే!