రాతిలో బొమ్మలు చూసిన ఫాదరు

పిల్లలూ, మదీనాగూడలో గాని, పక్కనున్న మియాపూరులో గాని, చందానగరులో గాని ఉండేవారికి రాతిగుండు కొత్త వస్తువు కాదు. ఇన్ని మేడలు లేచినా, ఇన్ని రోడ్లు పడినా, ఏ ప్రహరీగోడ వెనకనో, ఏ ఖాళీ స్థలంలోనో ఇంకా కొన్ని గుండ్లు మిగిలే ఉన్నాయి. వాటిలో ఒకటి ఏనుగులా ఉందనీ, ఇంకొకటి తాబేలులా ఉందనీ మీరు ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ఉంటారు. పిల్లలాట అని పెద్దలు నవ్వవచ్చు. కాని ఆ ఆటనే దాదాపు 55 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి, సుమారు 13 ఏళ్ళపాటు విడవకుండా ఆడి, ఒక కొండచరియనంతా బొమ్మలతో నింపిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కాథలిక్ ఫాదరు. ఈ నెల మీకు ఆయన సంగతి చెబుతాను.

ఆయన పేరు అడాల్ఫ్ జూలియెన్ ఫూరే. ఫ్రాన్సు దేశపు పటం తీసి చూడండి. పడమటి వైపున సముద్రంలోకి ముక్కులా పొడుచుకువచ్చిన భాగం ఒకటి కనిపిస్తుంది. దాని పేరు బ్రిటనీ. అక్కడ సెయింట్ తువాల్ అనే పల్లెలో 1839లో ఆయన పుట్టాడు. 1863లో గురుపట్టాభిషేకం పొంది ఫాదరు అయినాడు. ఫ్రెంచివారు ఫాదర్లను గౌరవంగా ‘అబ్బే’ అని పిలుస్తారు. మన భాషలో ‘అబ్బే’ అంటే కాదు, లేదు అని గదా! నవ్వు వస్తే నవ్వుకోండి. కాని కథంతా విన్నాక, “అబ్బే, నావల్ల కాదు” అనే మాట ఈ అబ్బేకు తెలియనే తెలియదని మీరే అంటారు.

ఊళ్ళో చర్చిని చూసుకునే ఫాదరును విచారణ గురువు అంటారు. ఆయన పనులేమిటో చర్చికి వెళ్ళే మీ స్నేహితులను అడగండి. ఆదివారం పూజ చేయాలి, ప్రసంగం చెప్పాలి. పుట్టిన బిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వాలి. పోయినవారిని ప్రార్థనతో సాగనంపాలి. వీటన్నిటితోపాటు పాపసంకీర్తనం వినాలి. అంటే, తప్పు చేసినవాడు ఒంటరిగా వచ్చి తన తప్పును మెల్లగా చెప్పుకుంటాడు. గురువు విని, బుద్ధి చెప్పి, దేవుని పేరట క్షమాపణ ఇస్తాడు. ఆ మాటలు మూడో మనిషి చెవిన పడకూడదు. కనుక వడ్రంగికి బాడిస ఎలాంటిదో విచారణ గురువుకు చెవి అలాంటిది.

అబ్బే ఫూరేకు ఆ చెవులే పనిచేయకుండా పోయాయి. లాంగూయె అనే ఊళ్ళో ఆయన విచారణ గురువుగా ఉండేవాడు. చెవుడు ముదిరింది. గట్టిగా అరిస్తే తప్ప వినపడనివాడికి, రహస్యంగా చెప్పుకోవలసిన మాట ఎవరు చెప్పగలరు? 1893లో ఆయన ఆ పని వదులుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. అందులో 30 ఏళ్ళు ఫాదరుగానే గడిచాయి.

నేను కూడా పని విరమించినవాణ్ణే. కొన్నాళ్ళదాకా, బడిగంట వేళకు కాళ్ళు వాటంతట అవే గుమ్మం దాకా నడిచేవి. తీరా గుమ్మంలోకి వచ్చాక వెళ్ళవలసిన చోటు ఉండేది కాదు. అయినా నాకు నలుగురితో మాట్లాడే భాగ్యం మిగిలింది. ఆ ఫాదరుకు అది కూడా కష్టమైపోయింది. ఇక ఆయనకు మిగిలినవి రెండు కళ్ళూ, రెండు చేతులూ.

ఆయన సముద్రం ఒడ్డున ఉన్న రోతెనెఫ్ అనే ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. ఇది సెయింట్ మాలో అనే రేవు పట్టణం పక్కన ఉంది. 1967 నుంచీ ఆ పట్టణంలోనే కలిసి ఉంది. అక్కడివారు తరతరాలుగా సముద్రాన్ని నమ్ముకున్నవారు. 1534లో ఓడ వేసుకుని కెనడా తీరానికి వెళ్ళిన జాక్ కార్టియే సెయింట్ మాలో వాడే. ఆయన ఇల్లు ఈ రోతెనెఫ్‌లోనే ఉంది. ఆ తీరంలో సముద్రపు పోటు చాలా గొప్పది. పెద్ద పోటు వచ్చిన రోజున, నీరు బాగా తగ్గినప్పటికీ బాగా పెరిగినప్పటికీ సుమారు 13 మీటర్ల తేడా ఉంటుంది. అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తన్నమాట! అంత నీరు రోజూ వచ్చి కొట్టే చోట ఒడ్డున బండలు ఎన్ని వంకరలు తిరిగి ఉంటాయో ఊహించండి.

ఫూరే ఆ బండల మీద నడిచేవాడు. అలల హోరు ఆయనకు వినపడదు, కాని బండలు కనపడతాయి. ఒకచోట రాయి ముక్కులా ముందుకు వచ్చింది. ఒకచోట కంటిగుంటలా లోపలికి పోయింది. ఇంకొకచోట పడుకున్న మనిషి భుజంలా ఉబ్బింది. సరే, ఆయన సుత్తీ ఉలీ తెచ్చుకున్నాడు. ముక్కులా ఉన్నదాని కింద ఒక నోరు గీశాడు. గుంటకు రెప్పలు పెట్టాడు. రాతిలో దాగి ఉన్న ముఖం పైకి వచ్చింది.

ఆయన ఏ శిల్పి దగ్గరా శిష్యరికం చేయలేదు. మన ఆళ్ళగడ్డ శిల్పులను చూడండి. చిన్ననాటి నుంచీ పెద్దల దగ్గర కూర్చుని, కొలతలు నేర్చి, తగిన రాయిని ఎంచి తెచ్చి చెక్కుతారు. ఫూరేకు కొలతలు తెలియవు. రాయిని ఎంచుకునే వీలూ లేదు. అది కొండతో సహా అక్కడే పాతుకుని ఉంది. అందుచేత ఆయన రాయిని తన ఇష్టానికి వంచాలని చూడలేదు. రాతి వాటం ఎటు ఉంటే ఉలిని అటే పోనిచ్చాడు. బొమ్మను బండనుంచి విడదీయకుండా, బండమీదనే ఉంచాడు. అందుకే అక్కడ ఎక్కడ బండ అయిపోయి బొమ్మ మొదలవుతుందో చెప్పటం కష్టం.

ఇది ఎంత మొండి పనో తెలియాలంటే రాతి సంగతి కొంచెం తెలుసుకోవాలి. అక్కడి బండను జనం గ్రానైటు అంటారు. శాస్త్రజ్ఞులు మిగ్మటైటు అంటారు. భూమి లోపలి వేడికి రాయి కొంత కరిగి, కొంత కరగకుండానే మళ్ళీ గట్టిపడితే మిగ్మటైటు అవుతుంది. సగం కరిగిన బెల్లపు పాకం చల్లారిపోతే ఎలా ఉంటుందో అలాగన్నమాట. రాళ్ళ గట్టిదనాన్ని శాస్త్రజ్ఞులు 1 నుంచి 10 దాకా అంకెలతో చెబుతారు. సుద్దలా మెత్తని టాల్కుకు 1, వజ్రానికి 10. గ్రానైటులోనూ, మిగ్మటైటులోనూ ఉండే పలుగురాయికి 7. మామూలు ఇనపమేకుకు 4కూ 5కూ మధ్య. మేకుతో పలుగురాయిని గీస్తే అరిగేది మేకే! అందుచేత ఇలాంటి రాతిని కర్రను చెక్కినట్లు చెక్కటానికి వీలుకాదు. ఉలి మీద కొట్టి కొట్టి, నలగగొట్టి, రవ్వరవ్వగా రాల్చాలి. ఉలి మొన పోయినప్పుడల్లా మళ్ళీ పదును పెట్టాలి.

ఇలా ఆయన 1894 ప్రాంతంనుంచి 1907 దాకా సుమారు 300 బొమ్మలు చెక్కాడు. 300ను 13 చేత భాగించండి. ఏడాదికి 23, అంటే నెలకు దాదాపు రెండు. ఎండలోనూ చలిలోనూ, ఉప్పుగాలిలో, ఒంటరిగా!

ఆ చరియమీద మనుషులున్నారు, పునీతులున్నారు, నోళ్ళు తెరిచిన వింత జంతువులున్నాయి. పునీత బుదోక్ అనే ఆయన సమాధిని కూడా ఫూరే చెక్కాడు. ఈ బుదోక్ గురించి బ్రిటనీలో ఒక కథ చెబుతారు. ఏ పాపమూ ఎరగని ఆయన తల్లిని పీపాలో పెట్టి సముద్రంలో విడిచారట. ఆమె ఆ పీపాలోనే బుదోక్‌ను కన్నదట. మన కర్ణుడు పెట్టెలో గంగపాలైన కథ మీకు జ్ఞాపకం వస్తున్నది కదూ? నీటిపక్కన బతికే జనం ఎక్కడైనా ఇలాంటి కథలు చెప్పుకుంటారు.

మరొక సంగతి. ఈ బొమ్మలన్నీ రోతెనెఫ్ అనే సముద్రపు దొంగల వంశం కథ అనీ, ఆ వింత జంతువులు వాళ్ళను మింగిన భూతాలనీ తరువాతి కాలంలో చెప్పటం మొదలైంది. వినటానికి బాగానే ఉంటుంది. కాని అది బొమ్మల చుట్టూ పెరిగిన కథే. చూపరులకు కథ కావాలి. చెక్కినవాడు పోయాక రాయి తానై చెప్పదు. కనుక ఎవరో అల్లారు. కథను కథగా వినండి, చరిత్రను చరిత్రగా తెలుసుకోండి.

ఫూరే కొయ్యను కూడా చెక్కాడు. వంకర టింకర వేళ్ళనూ, మానులనూ తెచ్చి వాటిలోనూ ముఖాలు చూశాడు. ఆ బొమ్మలతో తన ఇంటినీ తోటనూ నింపాడు. జనం చూడటానికి రాసాగారు. ‘రోతెనెఫ్ సన్యాసి’ అని ఆయనకు పేరు వచ్చింది. నల్లటి అంగీ తొడుక్కుని ఆయన తన బొమ్మల మధ్య కూర్చున్న ఫోటోలు పోస్టుకార్డుల మీద అచ్చయి దేశమంతా తిరిగాయి. చెవుడువల్ల మనుషులకు దూరమైనవాడి దగ్గరికి, ఆయన చేతిపని చూడటానికి మనుషులే నడిచి వచ్చారు.

1907లో ఆయనకు పక్షవాతం వచ్చి చెక్కటం ఆగిపోయింది. 1910 ఫిబ్రవరిలో, 70 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

తరువాత ఆ బొమ్మలు ఏమైనాయి? కొయ్యబొమ్మలు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చెల్లాచెదరై నాశనమైపోయాయి. అవి ఎలా ఉండేవో మనకు తెలియటానికి ఈనాడు ఆ పాత పోస్టుకార్డులే ఆధారం. రాతిబొమ్మలు మాత్రం చరియమీదనే ఉన్నాయి. కాని అవి కూడా అరిగిపోతున్నాయి. సముద్రపు తుంపర రాతి సందుల్లోకి పోతుంది. నీరు ఆరి ఉప్పు గడ్డకట్టి, పెరిగి, రాతిని రవ్వంత విడదీస్తుంది. వాన తడుపుతుంది. చూడవచ్చినవారి చెప్పులు రాస్తాయి. మొదట్లో స్పష్టంగా ఉన్న కనుబొమ్మ ఇప్పుడు చేతితో తడిమితేగాని తెలియదు. ఏ సముద్రపు నీరు ఆ బండలకు వంకరలు పెట్టి ఫూరేకు బొమ్మలు చూపించిందో, ఆ నీరే ఇప్పుడు వాటిని చెరిపేస్తున్నది.

మన గుండ్లను చేసింది కూడా నీరే. హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమిలో ఉండగానే ఆ రాతికి అడ్డంగా, నిలువుగా పగుళ్ళు పడ్డాయి. వాననీరు ఆ పగుళ్ళలోకి దిగి రాతిని మెల్లగా మట్టి చేసింది. మూలలకు నీరు మూడువైపులనుంచీ తగులుతుంది, కనుక మూలలే ముందు కరుగుతాయి. ఇది మీరే చూడవచ్చు. మూలలున్న పటికబెల్లం పలుకు ఒకటి గ్లాసెడు నీళ్ళలో వేసి కొంతసేపు ఉంచండి. తీసి చూస్తే మూలలు పోయి గుండ్రంగా ఉంటుంది. ఆ తరువాత పైమట్టి కొట్టుకుపోగా, మిగిలిన గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు బయటపడ్డాయి. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగు ఆకారంలో ఒక రాయి ఉంది. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదు.

ఇన్ని యుగాలు పట్టి తయారైన గుండును మందు పెట్టి పేల్చటానికి ఒక పూట చాలు. ఇళ్ళు కావాలి, రోడ్లు కావాలి, ఎవరూ కాదనరు. కాని ఒకసారి పోయిన గుండును ఏ యంత్రమూ తిరిగి నిలబెట్టలేదు.

కాబట్టి పిల్లలూ, మీకొక పని చెబుతాను. ఫూరే చెక్కాడని మీరు ఉలి పట్టుకుని బయలుదేరవద్దు. గుండ్లమీద పేర్లు చెక్కటం, రంగు పూయటం అసలే వద్దు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. పెద్దవారిని తోడు తీసుకుని మీ ఇంటి దగ్గరున్న గుండు దగ్గరికి వెళ్ళండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. నీడ మారితే ముఖమూ మారుతుంది. మీకు కనబడ్డ బొమ్మను గీయండి. కింద చోటు పేరు, తేదీ, సంవత్సరం తప్పక వేయండి. పుస్తకాన్ని భద్రంగా దాచండి. రోతెనెఫ్ కొయ్యబొమ్మలకు పోస్టుకార్డులే మిగిలినట్లు, రేపు ఆ గుండుకు మీరు గీసిన బొమ్మే మిగలవచ్చు.