నాయకత్వం స్వభావసిద్ధమా? అభ్యాసలభ్యమా?

‘నాయకత్వం రక్తంలో ఉండాలి, నేర్పితే వచ్చేది కాదు’ అనే మాట మా హుజూర్‌నగర్ ప్రాంతంలో తరచుగా వినబడుతుంది. గ్రామపంచాయతీలలో సగం స్థానాలు స్త్రీలకు కేటాయింపబడిన తరువాత ఈ మాటకు బలం మరింత పెరిగింది. గెలిచిన ఇల్లాలు ఇంటివద్ద ఉండగా గ్రామసభలో భర్త మాట్లాడటానికి చెప్పే సమర్థన కూడా ఇదే. శాస్త్రం దీనిని అంగీకరిస్తున్నదా?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో క్షత్రియుని స్వభావసిద్ధ కర్మలలో శౌర్యం, ధైర్యం, దానం మొదలైనవాటితోపాటు ‘ఈశ్వరభావం’ కూడా చెప్పబడినది. పరిపాలనాశక్తి అని దాని అర్థం. రక్తవాదులు ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆరవ అధ్యాయంలో, పుట్టు క్షత్రియుడైన అర్జునునికే భగవానుడు అభ్యాసాన్ని బోధించవలసి వచ్చింది గదా! ద్రోణుడనే ఒకే గురువు వద్ద చదివిన నూటఐదుగురూ ఒకే తీరుగా తయారు కాలేదన్నది కూడా అంతే నిజం.

ఈ చిక్కును సూటిగా విప్పినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో వినయం, అనగా శిక్షణ, రెండు విధాలన్నాడు: స్వాభావికం, కృతకం. శిక్షణ యోగ్యమైన ద్రవ్యాన్నే తీర్చిదిద్దగలదు, అయోగ్యాన్ని కాదు. అయితే ఆ యోగ్యత ఏమిటి? ఆయన జాబితాలో మొదటిది శుశ్రూష. ఈ మాటకు నేడు సేవ అనే అర్థం స్థిరపడినది గానీ, ధాత్వర్థం ‘వినవలెననే కోరిక’. తరువాత వినడం, గ్రహించడం, నిలుపుకోవడం, ఊహాపోహలు. వంశం పేరు అందులో లేదు. పైగా, ఒక్కగానొక్క కొడుకైనా సరే, శిక్షణ లేనివానిని రాజ్యంలో నిలపరాదన్నాడు. కుమార్తె కుమారుని వారసునిగా చేసుకొనే మార్గాన్ని కూడా సూచించాడు.

ఈ రెండు మాటలకు మన నేలమీదనే దృష్టాంతమున్నది. కాకతీయ గణపతిదేవునికి పుత్రులు లేరు. ఆయన కుమార్తె రుద్రమను తన జీవితకాలంలోనే పాలనలో భాగస్వామిని చేశాడు. ఆమె పేరు శాసనాలలో రుద్రదేవ మహారాజుగా కనబడుతుంది. పురుషనామం ధరించవలసి రావడమే ఆనాటి అభ్యంతరాలకు సాక్ష్యమని నా అభిప్రాయం. తండ్రి పక్కన కూర్చుండి నేర్చిన ఆ సంవత్సరాలే తరువాత ఒంటరిగా ఏలినప్పుడు ఆమెను నిలిపినవి. తాను కూడా అదే పద్ధతిలో కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తత తీసుకొని, రాజ్యవ్యవహారాలలో తీర్చిదిద్దింది.

భర్తలకు ఒక మనవి. గణపతిదేవుడు కుమార్తెకు నేర్పినది పక్కకు జరగడం కాదు, సింహాసనం మీద కూర్చోవడం.

ఋగ్వేదం పదవ మండలంలోని రాజాభిషేక సూక్తం స్థిరంగా నిలువుమని రాజును ఆశీర్వదిస్తూ, ప్రజలందరూ నిన్ను కోరుకొందురు గాక అంటుంది. ఆ కోరిక పుట్టుకతో రాదు. దినదినమూ సంపాదించుకోవలసినదే.

నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనమున్నది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో రుద్రమ మరణించినదని చరిత్రకారుల అభిప్రాయం. ఆమెకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోకప్రాప్తి కలగాలని భూమిని దానం చేసినవాడు రాజబంధువు కాదు, ఆ సేనాని సేవకుడైన పువ్వుల ముమ్మడి.