పెరటితోటలో స్ట్రాబెరీ: మన్ను విడిచిన నారును నాటు విధము

వరి, ఉల్లి, మిరప మొదలగు పైరులకు నారు పోసి, పెరికి, కట్టలు గట్టి, వేరొక మడిలో నాటుట మన రైతులకు తరతరములుగా చేతనైన పని. స్ట్రాబెరీ మొక్కయును అట్లే వేళ్లకు మన్ను లేని నారుకట్టగా దొరకును. చూచుటకు రెండును ఒకటే పని. అయినను వరినారు నాటు అలవాటుతో స్ట్రాబెరీని బురదలోనికి గ్రుచ్చినచో కొలది దినములలోనే మడి కుళ్లిపోవును. ఈ రెండు నాట్లకు గల భేదమును తెలిపి, పెరటిలో నూరు మొక్కలను పెంచు విధమును వివరించుటయే ఈ కరపత్రముయొక్క ఉద్దేశము.

1. ఈ పంట ఎక్కడిది?

నేడు అంగళ్లలో అమ్ముడగు పెద్దకాయల స్ట్రాబెరీ అడవిలో పుట్టినది కాదు. 1714వ సంవత్సరమున ఫ్రెజియే అను ఫ్రెంచి ఇంజినీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునుండి ఒక జాతి మొక్కలను ఫ్రాన్సునకు గొనిపోయెను. అంతకు పూర్వమే ఉత్తర అమెరికానుండి వచ్చియున్న మరియొక జాతితో అవి యూరపు తోటలలో సంకరము నొందగా ఈ పంట యేర్పడెను. 1766లో డ్యుషేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ సంకరమును గుర్తించి ప్రకటించెను.

మన దేశమున మహారాష్ట్రలోని సాతారా జిల్లాకు చెందిన మహాబలేశ్వరము, పంచగని ప్రాంతములు ఈ పంటకు మిక్కిలి ప్రసిద్ధములు. మహాబలేశ్వరపు స్ట్రాబెరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆంధ్రప్రదేశమున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ప్రాంతమునను రైతులు దీనిని పండించుచున్నారు. ఇవి యన్నియు చల్లని కొండ ప్రదేశములే యని మైదానపు రైతు మరువరాదు.

సాధారణముగా సాగునందున్న రకములలో పగటికాలము తగ్గి, రాత్రులు చల్లబడినప్పుడే పూమొగ్గలు ఏర్పడును. ఎండలు ముదిరినకొలది కాయ చిన్నదగును, పూత నిలిచిపోవును. కావున దక్కను మైదానములలో ఈ మొక్కకు దొరకునది ఒక్క శీతకాలమే. నాటుటలో పోగొట్టుకొన్న మూడు వారములు మరల రావు. నాటు పని మొదటిసారియే సరిగా జరుగవలెనని చెప్పుట ఇందుకే.

2. మొక్కయొక్క స్వరూపము

నారును చేతిలోనికి తీసికొని చూచినచో క్రింద గోధుమవర్ణపు వేళ్ల కుచ్చు, పైన ఒకటి రెండు ఆకులు, ఈ రెంటికి నడుమ బొటనవ్రేలి కొనయంత పొట్టి కాండము కానవచ్చును. ఆంగ్ల గ్రంథములు దీనికి కిరీటమను అర్థము గల పేరు పెట్టినవి. ఈ కరపత్రమున దీనిని ముడి యందుము. ముడి నడినెత్తిన మొవ్వ యుండును. క్రొత్త ఆకులు, పూగుత్తులు, ప్రాకుడుతీగలు అన్నియు ఈ ముడినుండియే పుట్టును. వేళ్లు కొన్ని తెగినను మరల వచ్చును, ఆకులన్నియు ఎండినను మరల చిగుర్చును, ముడి చెడినచో మొక్క బ్రతుకదు.

3. నేల, మడి

నీరు నిలువని, ఇసుకపాలు గల చెల్కనేల శ్రేష్ఠము. కొంచెము ఆమ్లగుణము గల నేల, అనగా పి.హెచ్. విలువ 5.5 నుండి 6.5 వరకు గలది, ఈ పంటకు తగినది. నల్లరేగడి నీటిని విడువదు గనుక పనికిరాదు. వేరొక నేల లేనివారు ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి ఎత్తైన మడి కట్టుకొనవలెను. చౌడునేలయు ఉప్పునీటి బావియు ఈ మొక్కకు పరమశత్రువులు. ఆకుల అంచులు మాడుట ఉప్పు సోకినదనుటకు ఒక గుర్తు. మొక్కలకు సొమ్ము చెల్లించుటకు ముందే మన్నును, బావినీటిని పరీక్ష చేయించుట వివేకము.

టమాట, వంగ, మిరప, బంగాళాదుంప పండించిన చోట వెంటనే స్ట్రాబెరీ నాటరాదు. వాటి వేళ్లను పట్టు ఎండుతెగులు మన్నులో నిలిచియుండి దీనికిని సోకును.

మడి 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, అర అడుగుకు తక్కువ కాని ఎత్తు ఉండవలెను. ఒక్కొక్క మడిలో రెండు వరుసలుగా, అడుగునకొక మొక్క చొప్పున, 20 మొక్కలు పట్టును. నూరు మొక్కలకు ఐదు మడులు చాలును. మడుల నడుమ అడుగున్నర బాట విడిచినను మొత్తము స్థలము గుంటలో ఐదవ వంతునకు మించదు. పశువుల ఎరువు బాగుగా మాగినదై యుండవలెను. పచ్చిపేడ వేళ్లను మాడ్చును, వేరుపురుగును పెంచును. ఎరువును నాటుటకు రెండు మూడు వారములు ముందే మన్నున కలిపి తడిపి యుంచవలెను.

4. నారును పరీక్షించుట

వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా అనునవి మన దేశమున సాగుచేయబడు రకములు. మొదటి రెండును ఫ్లోరిడాలోను, మూడవది కాలిఫోర్నియాలోను రూపొందింపబడినవి. రకము ఏదైనను నారు రోగము లేనిదై యుండుట ముఖ్యము. కట్ట విప్పగానే వాసన చూడవలెను. పుల్లని కుళ్లువాసన వచ్చినచో ఆ కట్టను స్వీకరింపరాదు. పిమ్మట ఒక మొక్కను బలిచేసి ముడిని కత్తితో నిలువుగా చీల్చి చూడవలెను. లోపల తెల్లగా, గట్టిగా నున్నచో నారు మంచిది. ఎఱ్ఱగానో గోధుమవర్ణముగానో చారలున్నచో తెగులు సోకినట్లెంచి కట్టను త్రిప్పి పంపవలెను. ఒక మొక్క పోయినను తక్కిన మొక్కలకు పెట్టు సొమ్ము, నీరు, శ్రమ దక్కును.

నారు చేరిన దినముననే నాటుట ఉత్తమము. ఆ దినమున వీలుకానిచో కట్టను తడిగుడ్డలో చుట్టి నీడను ఉంచవలెను. ఒకటి రెండు దినములు ఆలస్యమగునని తోచినచో నీడగల చోట చిన్న చాలు త్రవ్వి, వేళ్లను అందులో పరచి, తడిమన్ను కప్పి యుంచవచ్చును. అచ్చటను ముడి మన్నులో మునుగరాదు. వేళ్లను ఎండకును గాలికిని విడుచుట, కట్టను రాత్రియంతయు నీటిలో ముంచి యుంచుట, రెండును సమానమైన తప్పులే.

5. నాటుట

వానలు వెనుకపట్టిన పిదప, చిత్త కార్తె ప్రవేశము నుండి స్వాతి కార్తె ముగియువరకు, అనగా సుమారు అక్టోబరు 10 నుండి నవంబరు మొదటి వారమువరకు నాటుట మైదానములకు అనుకూలము. సాయంకాలమున ఎండ తగ్గిన పిమ్మట ఈ క్రమమున పని జరుపవలెను.

మొదట వేళ్లను చల్లని మంచినీటిలో అరగంటసేపు నానబెట్టవలెను. ఎండిన ఆకులను గిల్లివేసి, మితిమీరి పొడవైన వేళ్లను నాలుగైదు అంగుళములకు కత్తిరింపవలెను. వేళ్లు మడత పడకుండ నిలువుగా దిగునంత లోతు గుంటను త్రవ్వి, దాని నడుమ మన్నును చిన్న గోపురమువలె కుప్ప చేయవలెను. ముడిని ఆ కుప్పపై నిలిపి, వేళ్లను గొడుగు ఊచలవలె చుట్టును పరచి, మన్ను పోసి, లోపల గాలి మిగులకుండ వ్రేళ్లతో అదుమవలెను.

ఇక ముఖ్యమైన కొలత. ముడిలో క్రింది సగము మన్నులోను, పై సగము మన్నుపైనను ఉండవలెను. మొవ్వపై ఒక్క మన్నుబెడ్డయైనను నిలువరాదు. లోతుగా నాటినచో మొవ్వలో నీరు చేరి కుళ్లును. పైపైని నాటినచో క్రొత్త వేళ్లు పుట్టు చోటు ఎండి మొక్క వడలిపోవును. వరినారు కొంత లోతు దిగినను పిలకలు వేసి కోలుకొనును, స్ట్రాబెరీకి ఆ శక్తి లేదు. గాన కూలీలచే నాటించువారు మొదటి వరుసను తామే నాటి చూపవలెను.

నాటిన పిమ్మట ఒక ఆకును మెల్లగా లాగి చూడవలెను. మొక్క కదలి పైకి వచ్చినచో మన్ను చాలినంత అదుమబడలేదని గ్రహింపవలెను. రెండు తడులు పెట్టిన పిదప మన్ను దిగబడును. అప్పుడు మరల ప్రతి మొక్కను చూచి, మునిగిన ముడిని బయటపెట్టి, తేలిన ముడికి మన్ను ఎగద్రోయవలెను. పలువురు ఈ రెండవ పరీక్షను మరతురు. నాటిన దినమున సరిగానున్న మొక్కలును వారమునాటికి చెడుట తరచుగా దీనివలననే.

6. నీరు, గడ్డి, పూత

ఈ మొక్క వేళ్లలో అధికభాగము పై అర అడుగు మన్నులోనే యుండును గనుక ఒక్కసారి విస్తారముగా పారించుటకంటె కొంచెము కొంచెముగా తరచు తడుపుట మేలు. మొదటి పది దినములు ప్రతిదినము పలుచని తడి యీయవలెను. పిమ్మట మన్నును చూచి ఒకటి రెండు దినములకొకసారి చాలును. ఉదయమున, ఆకులు తడియకుండ, మొక్క మొదట పోయవలెను. బిందుసేద్యపు గొట్టములున్నవారికి ఈ పని సులభము.

మొవ్వనుండి క్రొత్త ఆకు వెడలినచో మొక్క నిలద్రొక్కుకొన్నదని తెలియవలెను. అప్పుడు శుభ్రమైన వరిగడ్డిని మొక్కల నడుమ రెండంగుళముల మందమున పరుపవలెను. ముడిపై గడ్డి పడరాదు. కాయ మన్నున కంటక శుభ్రముగానుండుటకును, తేమ నిలుచుటకును, కలుపు అణగుటకును ఈ పరుపు ఉపకరించును. చెదలు గల నేలలో ముందుగా వేపపిండి కలుపుట మంచిది.

మొదటి సంవత్సరపు పూవులన్నియు త్రుంపివేయుమని చలిదేశముల పుస్తకములు చెప్పును. అచ్చట మొక్క కొన్ని సంవత్సరములు నిలుచును గనుక ఆ ఉపదేశము చెల్లును. ఒక్క శీతకాలమే గల మనకు అది నష్టకరము. మొక్కకు ఐదారు మంచి ఆకులు వచ్చువరకు మాత్రమే పూవులను త్రుంచి, పిమ్మట నిలుపవలెను. ప్రాకుడుతీగలను మాత్రము కనబడినప్పుడెల్ల కత్తిరింపవలెను. అవి కాయకు చేరవలసిన బలమును హరించును.

కాయపై కనబడు గింజవంటివే వాస్తవముగా ఈ మొక్క ఫలములు. మనము తినునది ఉబ్బిన పూపీఠము. తేనెటీగలు పూవు నంతటిని త్రొక్కి పుప్పొడి చేర్చినప్పుడే కాయ నిండుగా ఎదుగును, లేనిచో వంకరపోవును. కావున పూతకాలమున విషపుమందులు చల్లరాదు.

7. తెగుళ్లు, కోత

మంచు, ముసురు పట్టిన దినములలో కాయపై బూడిదరంగు బూజు వచ్చును. అట్టి కాయలను వెంటనే ఏరి దూరముగా పాతిపెట్టవలెను. పొడియెండలలో ఆకు అడుగున ఎఱ్ఱనల్లి చేరును. నత్తలను ప్రాతఃకాలమున చేతితో ఏరవలెను. పక్షులకు, ఉడుతలకు వల కప్పుటయే ఉపాయము. ఈ పండునకు తొక్క లేదు, ఒలిచి తినుటకు వీలులేదు. గాన కోతలు మొదలైన పిదప మందు చల్లిన పండు పిల్లల నోటికి విషమును చేర్చునని గృహస్థులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

పండు కోసిన తరువాత రంగు మారినను తీపి పెరుగదు. పూర్తిగా ఎఱ్ఱబడిన దానినే, ఉదయపు చల్లనివేళ, తొడిమతో కూడ గిల్లి, లోతులేని బుట్టలో ఒకటి రెండు వరుసలుగా పేర్చవలెను. కడిగినచో త్వరగా చెడును గనుక తినునప్పుడే కడుగవలెను.

8. ఎకరము నాటుటకు ముందు

వేసవి ముదిరినప్పుడు మైదానములలో ఈ మొక్కలను కాపాడుట కష్టము. పెరికివేసి, మరుసటి సంవత్సరము క్రొత్త నారు తెచ్చుట తెగుళ్ల దృష్ట్యాను మేలు. అనగా నారు ఖర్చు ప్రతి సంవత్సరము వచ్చునదే. పండు మెత్తనిది, దూరపు సంతకు చేరులోపలనే చితుకును. నగరములలోని ధరను మాత్రము విని, నిలుకడగా అన్నము పెట్టు మాగాణిని ఈ పంటకు మార్చి, అప్పు తెచ్చి ఎకరములు నాటుట యుక్తము కాదు.

మొదట పెరటిలో నూరు మొక్కలు నాటవలెను. నారు ధర, రవాణా, బ్రతికిన మొక్కల సంఖ్య, ప్రతి కోతయొక్క తూకము, చెడిన కాయల తూకము ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. రెండు శీతకాలముల లెక్క చేతికి వచ్చిన పిదప, సమీపమందలి ఉద్యానశాఖ అధికారులతో ఆలోచించి, అధికముగా నాటవలెనో మానవలెనో నిర్ణయింపవచ్చును. లెక్క అనుకూలింపనిచో నష్టము గుంటలో ఐదవ వంతునకే పరిమితము, ఇంటి పిల్లలు పండ్లు తినిన లాభము మిగులును. అనుకూలించినచో ముడిని ఎంత లోతున నాటవలెనో ఎరిగిన చేతులు ఇంటనే సిద్ధముగా నుండును.