తూచి కట్టే పడవ

అమ్మడూ, మొన్న కాశిమేడు రేవులో పడవలు చూసొచ్చాక నువ్వడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "తాతా, రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి పైన బల్ల బిగిస్తే ఇంకా సులువుగా పోతుందంటారు, నిజమేనా? పడవ రెండింతలైతే బరువూ రెండింతలేగా?" అన్నావు. అసలు కీలకమంతా నీ ప్రశ్న రెండో సగంలోనే ఉంది. బరువు సంగతి తేల్చుకుంటే వేగం సంగతి దానంతటదే తేలిపోతుంది.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. ఈ చెన్నై ఒడ్డున ఒకప్పుడు బారులు తీరి ఉండే కట్టుమరానికీ, ఇవాళ ప్రపంచమంతా కటమరాన్ అంటున్న పడవకీ ఆకారంలో పోలిక లేదు. కట్టుమరమంటే మన తెలుగు జాలరులు తెప్ప అనేదే. తేలిక జాతి దుంగలు మూడో, అయిదో, ఏడో చేర్చి తాళ్ళతో బిగించిన కట్ట. దాన్ని ఈ తీరంలో చూసిన ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో దాని గురించి రాశాడు. తర్వాతెప్పుడో ఆ పేరు పసిఫిక్ దీవుల వాళ్ళు నడిపే జంట పడవలకి అంటుకుంది. 1876లో అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ 'అమరిలిస్' అనే జంట తెరచాప పడవ కట్టి పందెంలో మామూలు పడవలన్నిటినీ వెనకేశాడు. పేరు మన తీరానిది, రూపం ఆ దీవులది.

అయినా కట్టుమరాన్ని నేను పక్కన పెట్టెయ్యలేను. దానికి లోపలి పొట్టంటూ లేదు కాబట్టి అందులో నీళ్ళు నిండటమన్న మాటే లేదు. అల మీద పడితే దుంగల సందుల్లోంచి జారిపోతుంది. ఒడ్డుకొచ్చాక జాలరులు తాళ్ళు విప్పి దుంగల్ని విడివిడిగా ఎండబెట్టేవాళ్ళు. తడిసిన కర్ర నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, బరువెక్కితే మునుగుతుంది, మునిగితే తెడ్డుకి లొంగదు. ఏ కొలతబద్దా లేకుండా, తేలే వస్తువుకి తేలికదనమే ప్రాణమని వాళ్ళు పట్టుకున్నారు. రెండు పొట్టల పడవ శాస్త్రమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పడవ కదిలితే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతుంది. నీటి అల వేగానికీ పొడుగుకీ ఒక బంధం ఉంది: పొడుగుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకి ఇన్ని మీటర్లని వేగం వస్తుంది. 8 మీటర్ల పడవకి అది సెకనుకి మూడున్నర మీటర్లు, అంటే గంటకి సుమారు 12.7 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర అల పొడుగూ పడవ పొడుగూ ఒకటైపోతాయి. పడవ తను లేపిన అల పల్లంలోనే కూర్చుంటుంది. ఇంకా ముందుకి పోవాలంటే ఆ ఎత్తు ఎక్కాలి. ఇక్కడే వెడల్పాటి పడవలు ఇంజన్ ఎంత గింజుకున్నా వేగం పెరగక, నూనె మాత్రం తాగేస్తుంటాయి.

దీనికి రెండు దారులున్నాయి. పెద్ద ఇంజన్ పెట్టి పడవని నీటిపైకి ఎత్తి జారిపోనివ్వడం ఒకటి. అది డబ్బున్నవాళ్ళ దారి. రెండోది, అసలు పెద్ద అలనే లేపకుండా ఉండటం. పొట్ట సన్నగా, పొడుగ్గా ఉంటే, అంటే వెడల్పుకి పదింతలో ఇంకా ఎక్కువో పొడుగుంటే, నీళ్ళు పెద్దగా చెదరవు. ఎక్కాల్సిన ఎత్తే ఉండదు. చిన్న ఇంజన్‌తోనే ఆ 12.7 కిలోమీటర్ల గీత దాటెయ్యొచ్చు.

మరి 60 సెంటీమీటర్ల వెడల్పు పడవలో ఎవరు నిలబడగలరు? ఒకడు పక్కకి ఒరిగితే చాలు, బోల్తా. కిక్కిరిసిన బస్సులో పట్టుకోవడానికి కమ్మీ దొరక్కపోతే నువ్వేం చేస్తావు? కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతావు. ఇక్కడ చేసేదీ అదే. రెండు సన్నటి పొట్టల్ని దూరదూరంగా పెట్టి పైన కలిపేస్తారు. వాటి మధ్య దూరం రెండింతలు చేస్తే పడవని నిలబెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే అందరూ ఒక పక్కకి చేరి వల లాగినా కొంచెమే ఒరుగుతుంది. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇలాంటి పడవ తిరగబడటం కష్టమే గానీ, తిరగబడ్డాక మాత్రం దానంతటది లేవదు. అది బోర్లా కూడా అంతే స్థిరంగా తేలుతుంది.

ఇక నీ బరువు ప్రశ్న. 8 మీటర్ల పొడుగు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెండు పొట్టలు నీటిని తాకే చోట అడ్డకోత తీసి చూడు. రెండు చివరలూ సన్నబడతాయి కాబట్టి రెండింటికీ కలిపి విస్తీర్ణం 7.2 చదరపు మీటర్లొస్తుంది. ఈ పడవ ఇంకో సెంటీమీటరు మునగాలంటే ఉప్పు నీటిలో 74 కిలోలు చాలు. అదే పొడుగుండి, 2 మీటర్ల వెడల్పున్న మామూలు ఫైబర్ (గాజు నార) పడవకైతే 123 కిలోలు పడతాయి. అంటే బరువుని మామూలు పడవ కొంత ఓర్చుకుంటుంది గానీ, జంట పడవ ఓర్చుకోదు. కట్టేవాడు అజాగ్రత్తగా 300 కిలోలు ఎక్కువ చేశాడనుకో, 4 సెంటీమీటర్లు దిగిపోతుంది. 30 సెంటీమీటర్లు మునగాలని గీసిన పడవకి అది చిన్న విషయం కాదు. తడిసే ఒళ్ళు పెరుగుతుంది, నీటి రాపిడి పెరుగుతుంది, పైగా మధ్య బల్ల నీటికి దగ్గరవుతుంది. బల్ల కిందికి అల వచ్చి ధబ్బుమని కొడితే పడవ మొత్తం అదురుతుంది. అందుకే జంట పడవ షెడ్డులో మొట్టమొదట ఉండాల్సిన పనిముట్టు కాటా అంటాను నేను. రంపమూ కాదు, రోలరూ కాదు. లోపలికొచ్చే ప్రతి గాజు నార చుట్టనీ, ప్రతి డబ్బానీ తూచి పుస్తకంలో రాసుకోవాలి.

ఈ తీరానికి ఫైబర్ పడవ ఎలా వచ్చిందో కూడా విను, ఎందుకంటే అందులో మన ఊరికి వాటా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో స్వీడన్ డబ్బు సాయంతో 'బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్' మొదలుపెట్టి, ఆఫీసు మద్రాసులో పెట్టింది. రేవు లేని ఒడ్డున అలల్లోంచి వెళ్ళి, అలల్లోంచే తిరిగి ఇసుకెక్కగల మర పడవ కావాలి, ఇదీ వాళ్ళ ముందున్న లెక్క. నార్వే పడవ రూపకర్త ఓయ్విండ్ గుల్‌బ్రాండ్‌సన్ లాంటివాళ్ళు ఇక్కడి జాలరులతో కలిసి తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరాల్లో రకరకాల పడవలు దింపి చూశారు. ఇసుక తగిలే చోట ప్రొపెల్లర్ విరిగిపోకుండా, ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ ఒకే బారుగా బిగించి మొత్తంగా ఎత్తుకునే ఏర్పాటు ఒకటి తయారుచేశారు. ఆఫీసులో గీసిన గీతని ఒడ్డున అలతో పరీక్షించిన ఆ ఓపిక నాకు చాలా ఇష్టం. తర్వాత 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఒడ్డున ఉన్న తెప్పల్నీ కర్ర పడవల్నీ తుడిచిపెట్టింది. వాటి చోట్లోకి ఎక్కువగా ఫైబర్ పడవలే వచ్చాయి. ఇవాళ చెన్నైలో నొచ్చికుప్పం ఒడ్డున కట్టుమరం కోసం వెతుక్కోవాలి. 

ఫైబర్ అంటే గాజు నార. మ్యాట్ రూపంలోనో, నేసిన రోవింగ్ రూపంలోనో వస్తుంది. దాన్ని అచ్చులో పరిచి పాలిస్టర్ రెసిన్‌తో తడుపుతారు. బలం గాజుది. రెసిన్ పని ఆ నారని ఉన్నచోట ఉంచడం, ఒక నార మీద పడ్డ భారాన్ని పక్క నారకి అందించడం. అంతకంటే ఎక్కువ పోస్తే అది ఉత్త బరువు, పైగా పెళుసు. చేత్తో బ్రష్షు పెట్టి మ్యాట్ తడిపితే కిలో గాజు 2 కిలోలకు పైగా రెసిన్ తాగుతుంది. నేసిన రోవింగ్ అయితే సుమారు కిలోకి కిలో. ఇంకో పద్ధతి ఉంది: పొడి గాజుగుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మూసి, పంపుతో గాలి పీల్చేస్తే రెసిన్ దానంతటదే లోపలికి పాకుతుంది. అప్పుడు కిలో గాజుకి అర కిలో పైచిలుకు సరిపోతుంది. మన షెడ్లలో చెయ్యి తిరిగిన పనివాళ్ళకి ఈ వాక్యూమ్ పద్ధతి నేర్పిస్తే నెలల్లో పట్టేస్తారని నా గట్టి నమ్మకం.

చెన్నై ఎండ ఈ పనికి పెద్ద పరీక్ష. రెసిన్ గట్టిపడేటప్పుడు తనలోంచే వేడి పుడుతుంది. మే నెలలో గాలే 40 డిగ్రీలుంటే రెసిన్‌ని గట్టిపరిచే హార్డనర్ పాళ్ళు తగ్గించాలి, లేకపోతే బ్రష్షు తిప్పేలోపే డబ్బాలో గడ్డకడుతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం ఎప్పుడూ మరిచిపోకు. హార్డనర్‌నీ, దాని పనిని తొందరపెట్టే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ నేరుగా ఒకదాన్లో ఒకటి పొయ్యకూడదు. భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపాకే రెండోది. ఘాటుగా ముక్కుకి తగిలే ఆ వాసన స్టైరీన్‌ది. గాలి ఆడే చోట, సరైన మాస్కుతో తప్ప పనివాళ్ళని అందులో నిలబెట్టకూడదు. గుడ్డ కట్టుకుంటే చాలనుకోవడం వాళ్ళ ఊపిరితిత్తులకి అన్యాయం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముద్దొచ్చే లెక్క. 4 మిల్లీమీటర్ల మందం ఫైబర్ పలక చదరపు మీటరుకి 6 కిలోలుంటుంది. చేత్తో నొక్కితే వంగుతుంది. దాన్నే 2 మిల్లీమీటర్ల చొప్పున రెండు పొరలుగా చీల్చి మధ్యలో 12 మిల్లీమీటర్ల పివిసి ఫోము పెట్టామనుకో. ఫోము బరువు కిలో లోపే. జిగురు సంగతి పక్కన పెడితే మొత్తం 7 కిలోలు దాటదు. గట్టిదనం మాత్రం 37 రెట్లు! వంగకుండా ఉండటం మందం ఘనంతో పెరుగుతుంది: 16 ఘనంలోంచి మధ్య ఖాళీ 12 ఘనం తీసెయ్యి, 4 ఘనంతో భాగించు, నువ్వే వేసి చూడు. అంత గట్టిదనం ఉత్త ఫైబర్‌తో తేవాలంటే 13 మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకి 20 కిలోలు కావాలి. ఫోము బదులు చవగ్గా థర్మోకోల్ పెట్టేస్తే పోదా అంటావేమో, పాలిస్టర్ రెసిన్‌లో ఉన్న స్టైరీన్ థర్మోకోల్‌ని కరిగించి పారేస్తుంది.

బరువు తగ్గించమన్నాను గదా అని అన్నిచోట్లా తగ్గించకూడదు. ఒక పొట్ట అల నెత్తిన, ఇంకోటి పల్లంలో ఉన్నప్పుడు పడవని ఎవరో మెలిపెడుతున్నట్టే ఉంటుంది. ఆ మెలి అంతా మధ్య దూలాలు పొట్టలతో కలిసే చోటికి చేరుతుంది. పగుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. ఆ మూలల్ని గుండ్రంగా తిప్పి, నారని వాలుగా రెండు దిక్కులా పరిచి, పొరలు పెంచాలి. మిగతా చోట్ల మిగిల్చిన బరువుని ఇక్కడ ఖర్చుపెట్టాలన్నమాట.

మరి మన జాలరులు ఇలాంటివి ఎందుకు వాడరు? రెండు పొట్టలు కట్టాలి, చాలాసార్లు రెండు ఇంజన్లు పెట్టాలి. ఖర్చెక్కువ. మెరీనా లాంటి ఒడ్డున అలల్లో అడ్డం తిరిగితే ఒక పొట్ట ముందు ఇసుక తగిలి దూలాలు మెలిపడతాయి. ఆ ఒడ్డుకి ఒంటి పొట్ట పడవే సరి. జంట పడవ చోటు వేరు: ముట్టుకాడు, పులికాట్ లాంటి నిశ్చలమైన నీళ్ళు, లోతు తక్కువుండే చోట్లు, జనాన్ని దాటించే రేవులు.

దానికి రుజువు కేరళలో ఉంది. 2017 జనవరిలో వైకోం, తవణక్కడవు రేవుల మధ్య 'ఆదిత్య' అనే పడవ దిగింది. 20 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు, 75 మంది ప్రయాణికులు, రెండు పొట్టలు, ఒళ్ళు ఫైబర్. నెత్తిన సోలార్ పలకలు. దాని రూపకర్త సందిత్ తండశ్శేరి చదివింది ఇక్కడే, మన ఐఐటీ మద్రాసులో. ఆ పలకలిచ్చే కరెంటు ఎండ బాగా కాసినప్పుడు మహా అయితే 20 కిలోవాట్లు, ఒక చిన్న కారు ఇంజన్ శక్తిలో సగం కూడా కాదు. అంత కొంచెంతో 75 మందిని మోస్తోందంటే పొట్టలు సన్నగా, ఒళ్ళు తేలిగ్గా ఉండబట్టే. వెడల్పాటి బల్ల ఉంది కాబట్టి పలకలు పరుచుకునే చోటూ దొరికింది.

ఒక్క బెంగ మాత్రం నాకుంది. కట్టుమరం ముసలిదైతే పొయ్యిలోకి పోయేది. ఫైబర్ కుళ్ళదు, మట్టిలో కలవదు. వాడి వదిలేసిన పడవలు ఒడ్డున పడి ఎండకి పొట్టు రాలుస్తుంటాయి, ఆ గాజు నలుసులు ఇసుకలో కలుస్తాయి. జర్మనీలో ఇలాంటి చెత్తని ముక్కలు చేసి సిమెంటు బట్టీల్లో వేస్తున్నారు. రెసిన్ మండి వేడినిస్తుంది, గాజు సిమెంటులో కలిసిపోతుంది. సిమెంటు బట్టీలు మనకీ ఉన్నాయి, అరియలూరులోనూ, కడప జిల్లాలోనూ, నల్గొండ వైపూ. ఇప్పుడు కావలసింది ఒడ్డు మీది పాత పడవని కోసి, తూచి, అక్కడికి చేర్చే ఏర్పాటు.