చెట్టుకో పేజీ.. అన్నిటికీ ఒకటే పేరు!

మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే బస్సులో నాలుగేళ్లు తిరిగా. ఆ రోడ్డు పక్కనున్న పాత మర్రిచెట్ల మీదే ఫైనలియర్‌లో ఓ వెబ్‌సైట్ చేశా. ఫ్లాస్క్‌లో రాశా, చెట్టుకో పేజీ. రెజ్యూమెలో ఆ లింకే పెట్టా. ఇంటర్వ్యూ ముందురోజు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసొచ్చా గానీ, సైట్‌ను మాత్రం ఒక్కసారి తెరిచి చూసుకోలేదు.

ఇంటర్వ్యూ చేసినాయన ఐదు ట్యాబ్‌లు తెరిచి, "ఇందులో ఏది ఏ చెట్టు బాబూ?" అన్నారు. ఐదింటి మీదా 'హోమ్' అనే ఉంది. ఆ ఉద్యోగం రాలేదు.

జరిగిందేంటంటే.. హెడర్, ఫుటర్, టైటిల్ అన్నీ ఒకే పేరెంట్ లేఅవుట్‌లో రాశా. మిగతా పేజీలు దాన్ని ఎక్స్‌టెండ్ చేసేవే. కానీ చైల్డ్ పేజీ తన పేరు లేఅవుట్‌కు చెప్పుకొనే దారే నేను పెట్టలేదు.

దారి కష్టమేం కాదు. లేఅవుట్‌లో టైటిల్ ట్యాగ్ మధ్య 'టైటిల్' అనే బ్లాక్ పెట్టి, అందులో ఓ డిఫాల్ట్ పేరు రాయాలి. చైల్డ్‌లో అదే బ్లాక్‌ను మళ్లీ రాస్తే ఆ పేరు వస్తుంది. డిస్క్రిప్షన్‌కూ అంతే.

అసలు చిక్కు ఆ తర్వాతే. అదే పేరు రెండుచోట్ల కావాలి: ట్యాబ్ మీద ఒకటి, వాట్సాప్‌లో లింక్ పంపితే కనిపించే ప్రివ్యూలో ఇంకోటి. ఆ రెండోది ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్. ఒక టెంప్లేట్‌లో ఒకే పేరుతో రెండు బ్లాకులుంటే జింజా, జాంగో రెండూ ఎర్రర్ ఇస్తాయి. జింజాలో అయితే రెండోచోట 'సెల్ఫ్ డాట్ టైటిల్' అని పిలిస్తే చాలు. లేదంటే చైల్డ్ పైభాగంలో, బ్లాకులకు బయట, 'సెట్'తో వేరియబుల్ పెట్టండి. లేఅవుట్ కంటే ముందే అది నడుస్తుంది కాబట్టి లేఅవుట్‌కు అందుతుంది. బ్లాక్ లోపల సెట్ చేస్తే బయటికి రాదు. ఇది తెలియక నేనో రాత్రంతా జాగారం చేశా!

జాంగోలో ఈ పద్ధతి పనిచేయదు. ఎక్స్‌టెండ్ చేసిన చైల్డ్‌లో బ్లాకుల బయట ఏం రాసినా పేజీలోకి రాదు. అందుకే పేరును వ్యూ నుంచే కాంటెక్స్ట్‌లో పంపడం మేలు.

"జావాస్క్రిప్ట్‌తో మార్చేస్తే పోలా?" అంటారేమో. ట్యాబ్ మీద మారుతుంది. వాట్సాప్ ప్రివ్యూ మాత్రం సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌నే చదువుతుంది.

రెజ్యూమె పంపేముందు మీ ప్రాజెక్టులో రెండు మూడు పేజీల లింకులు ఫ్రెండ్‌కు వాట్సాప్ చేయండి. ఏది ఏ పేజీయో, క్లిక్ చేయకుండా చెప్పమనండి.